అక్క రాసిన ఆఖరి వాక్యం

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ కింది చెల్లి అని పిలిచేవారు. కింద అంటే నేలమాళిగ. మందుల గోదాము, ఉతికిన దుప్పట్ల గది దాటాక నడవా చివర ఒక ఇనుప తలుపు. దాని వెనక ఎప్పుడూ చలిగా ఉండే గదిలో, కంప్యూటర్లు పేర్చిన నల్లటి ఇనుప బీరువాల్లో, ఆసుపత్రి జ్ఞాపకమంతా సన్నగా హోరుమంటూ ఉండేది. చెల్లి అని ఎందుకంటే, పై అంతస్తు వార్డులో హెడ్ నర్సు ఆమెకు స్వయానా అక్క. అక్కని డాక్టర్లతో సహా అందరూ అక్కా అనేవారు. ఆ లెక్కన ఈమె ఊరందరికీ చెల్లెలైపోయింది.

తల్లి పోయేనాటికి ఆమెకు ఇంకా పాలపళ్లు ఊడలేదు. జడ వేసిందీ, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ అక్కే. రాత్రి దీపం ఆర్పేశాక అక్క ఆమె వీపు మీద వేలితో ఒక్కో అక్షరం రాసి, "ఏంటో చెప్పుకో" అనేది. గుండ్రటి అక్షరాలు వీపు మీద నీటి సుడుల్లా తిరిగేవి. చెప్పలేకపోతే మళ్లీ, ఇంకాస్త నెమ్మదిగా రాసేది. అక్షరానికి బరువుంటుందని ఆమెకు మొదట తెలిసింది అలాగే.

పెద్దయ్యాక కంప్యూటర్లు చదువుకుని, అక్క పనిచేసే ఆసుపత్రిలోనే డేటాబేస్ చూసుకునే ఉద్యోగంలో చేరింది. అక్కావాళ్ల ఇంటి మీది గదిలోనే ఉండేది. బస్సు నడిపే బావకి ఆమె పనేమిటో ఎప్పటికీ అంతుబట్టేది కాదు.

"ఇంతకీ డేటాబేస్ అంటే ఏంటి మరదలా?"

"నీ బస్సులో కండక్టర్ లాంటిది బావా. ఎవరెక్కడ ఎక్కారు, ఎక్కడ దిగాలి, ఏ సంచి ఎవరిది, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది."

"మా కండక్టర్‌కి పొద్దున తిన్నదే గుర్తుండదు."

"అందుకే దానికి నాలాంటి కాపలా."

నవ్వేవారు. ఆ ఇంట్లో అప్పట్లో నవ్వు మంచినీళ్లంత మామూలుగా ఉండేది.

అక్క రాతల మీద ఆసుపత్రిలో బోలెడు హాస్యం నడిచేది. డాక్టర్లు ఇంగ్లీషులో పొట్టి పొట్టి ముక్కలు రాసి లేచిపోయేవారు. అక్క అలా కాదు. రోగి ఏమన్నాడో ఆ మాటల్లోనే, మన భాషలోనే, పూసగుచ్చినట్టు టైపు చేసేది. "అక్క కీబోర్డు మీద చెయ్యేసిందంటే రామాయణమే, పట్టాభిషేకం దాకా లేవదు" అనేవారు తోటి నర్సులు. అక్క పట్టించుకునేది కాదు. ఆమెకో అలవాటుంది. ఎంత పొడుగు రాసినా ఆఖరి వాక్యం మాత్రం తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ల కోసం దాచేది. 'ఈ అమ్మకి కుడిచెవి వినపడదు, ఎడమ పక్క నిలబడి మాట్లాడండి.' 'ఈయన నొప్పి లేదంటే నమ్మకండి, దుప్పటి అంచు పిడికిట్లో ఉందేమో చూడండి.' వార్డులో పాత నర్సులంతా అక్క రాత తెరిస్తే సరాసరి అడుగుకి వెళ్లి ఆఖరి వాక్యం చదివేవారు. పై రామాయణం తీరుబడి ఉంటేనే.

గడియారాల తాత గురించి కూడా అక్కడే రాసి ఉంది. గడియారాలు బాగుచేసే ముసలాయన. కాలిపుండు మానక మాటిమాటికీ వచ్చి చేరేవాడు. ఆయనకిచ్చే ఒక మందు చుక్కలుచుక్కలుగా ఎక్కిస్తే బాగానే ఉండేది. ఒకసారి ఎవరో తొందరపడి సూదితో ఒక్క ఊపున ఇచ్చేసరికి ఊపిరి ఆగినంత పనయింది. అక్కే మీద పడి దక్కించింది. కంప్యూటర్‌లో పడని మందులు రాసే గడి ఒకటుంది గాని, అందులో మందు పేరు ఎంచుకోవడమే తప్ప ఎలా ఇస్తే పడదో రాసే చోటు లేదు. పేరు పెడితే అసలు ఆ మందే ఇవ్వరు. అది లేకపోతే కాలు దక్కదు. అందుకని అక్క ఆ సంగతి తన రాత చివర, తన అలవాటు ప్రకారం పెట్టింది.

ఇదంతా బీరువాలు ముసలివి కాకముందు మాట. బీరువాలు ముసలివయ్యాయి. విడిభాగాలు దొరకడం మానేశాయి. ఒక వానాకాలం నేలమాళిగలోకి మడమల్లోతు నీళ్లొచ్చాయి. దాంతో పైవాళ్లు తేల్చేశారు. డేటాబేస్ మొత్తాన్ని క్లౌడ్‌కి తరలించాలి. ఎక్కడో దూరాన, ఎవరిదో ఒక పెద్ద కంపెనీ నడిపే యంత్రాల్లో అద్దెకు చోటు తీసుకుని, ఇక్కడి జ్ఞాపకమంతా అక్కడికి పంపాలి.

ఆ పని కోసం బయటినుంచి ఒకాయన్ని పెట్టారు. నున్నగా గీసిన గడ్డం, చేతిలో ఎప్పుడూ కాఫీ గ్లాసు. నర్సులు ఆయనకి మబ్బులాయన అని పేరు పెట్టేశారు. చెడ్డవాడేం కాదు. పని నేర్పాడు. కొత్త చోట ఖాళీ డేటాబేస్ ఎలా నిలబెట్టాలో, ఏ తలుపు ఎవరికి తెరవాలో, ఎవరికి మూసేయాలో చూపించాడు. ఆమె చకచకా అందుకుంది. ఖాళీ పట్టికలు ఒక్కొక్కటే కొత్త తెర మీద తెరుచుకుంటుంటే, ఇంకా ఎవరూ కాపురం రాని ఇంట్లో దీపాలు వెలిగిస్తున్నట్టనిపించేది.

తరలించే పనిముట్టుకి, అంటే ఆ పని చేసే ప్రోగ్రాముకి, ఒక బలహీనత ఉంది. పొడుగు రాతలుండే గడులు దానికి మోయలేని బరువు. వాటిని ముక్కలుముక్కలుగా, పూర్తిగా మోయమనొచ్చు; అప్పుడు నత్తనడక. లేదా 'ఇంత సైజు వరకే' అని ఒక హద్దు పెట్టొచ్చు. అప్పుడు ఒక్క విసురున తీసుకుపోతుంది. హద్దు మించిన రాత మాత్రం హద్దు దగ్గర తెగిపోతుంది. మొదటి పరీక్షలో పూర్తిగా మోయమంటే పనిముట్టు పాకింది. ఆదివారం ఓపీ ఉండదు, ఆ ఒక్క పగటిపూటే పాతది ఆపి కొత్తదానికి మారాలి. మేనేజరు రోజూ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు.

"అవుతుందా అమ్మా, అవదా? నేను పైన మాటిచ్చేశాను."

"అవుతుంది సార్."

"హద్దు పెట్టేయండి" అన్నాడు మబ్బులాయన. "అన్నిటికన్నా పొడుగు రాత ఎంతుందో కనుక్కుని, దానికి ఇంకాస్త కలిపి పెట్టండి. అందరూ చేసేదే."

ఆమె పాత డేటాబేస్‌ని అడిగింది, అన్నిటికన్నా పొడుగైన రాతలో ఎన్ని అక్షరాలున్నాయని. అది చెప్పింది. దానికి సగం కలిపి హద్దు పెట్టింది. ఆచితూచే చేశాననుకుంది.

ఆదివారం మధ్యాహ్నం పాత డేటాబేస్‌లో రాతలు ఆపేశారు. చివరి మార్పులు కూడా అటు చేరాక, ఆసుపత్రిలోని తెరలన్నిటినీ కొత్త చిరునామాకి తిప్పారు. లెక్కలు సరిచూశారు. ఇక్కడ ఎన్ని వరసలున్నాయో అక్కడా అన్నే. ఒక్కటి తగ్గలేదు. అక్కడొకటి ఇక్కడొకటి రాతలు తెరిచి చూసింది, తెరిచినవన్నీ డాక్టర్లవి. అక్క రాతలు తెరవలేదు. చిన్నప్పటినుంచీ ఎరిగిన రాతేగా. పనిముట్టు చిట్టాలో పసుపురంగు హెచ్చరికలు చీమల బారులా సాగుతున్నాయి.

"పసుపు ఎప్పుడూ ఉండేదే. ఎరుపొస్తే చూద్దాం" అన్నాడు మబ్బులాయన.

ఎరుపు రాలేదు. మేనేజరు అందరికీ టీ తెప్పించాడు.

కొన్నాళ్లు పాతవీ కొత్తవీ పక్కపక్కనే ఉంచి, ఆ తర్వాత ఆసుపత్రి నియమం ప్రకారం పాత డిస్కులు నాశనం చేశారు. రోగుల రహస్యాలు బయటపడకూడదని. పెరట్లో ఒకతను డ్రిల్లు పెట్టి ఒక్కో డిస్కుకీ గుండెలో రంధ్రం వేస్తుంటే ఆమె పక్కన నిలబడింది. బ్యాకప్ టేపులు కూడా అదే గుట్టలో పోయాయి. ఇనుపరజను ఎండలో మెరుస్తూ ఆమె చెప్పుల మీద రాలింది.

గడియారాల తాత మళ్లీ చేరింది చలి మొదలయ్యాక. అక్క సెలవులో ఉన్న రోజు. పాత నర్సులు చాలామంది వేరే వార్డులకి మారిపోయారు. కొత్తగా చేరిన నర్సు నిదానస్తురాలే. మందు ఇచ్చేముందు పాత రాతలు తెరిచి చదివింది. అందులో ఎక్కడా అభ్యంతరం లేదు. సూదితో ఇచ్చింది. మధ్యాహ్నం భోజనాల బండి వార్డులోకి వచ్చేసరికి తాత మంచం చుట్టూ తెర లాగేశారు. ఆయన చేతి గడియారం తెర వెనక టిక్కుటిక్కుమంటూనే ఉందని ఆయా ఏడ్చింది.

విచారణ వేశారు. తాతకి ఒకసారి అలా అయిందని అక్కకి తెలుసు; దక్కించింది తనే. మరి రాయలేదేం? ఇదీ ప్రశ్న. తేలేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు.

అక్క ఆ రాత నకలు ఇంటికి తెచ్చుకుంది. వంటగదిలో బల్ల మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుంటూ చెల్లెల్ని పిలిచింది.

"ఇటు రావే. ఇది చూడు. నేను రాశాననే అనుకున్నా ఇన్నాళ్లూ. రాయలేదు."

"రాసే ఉంటావక్కా."

"చూడమంటున్నాగా. కిటికీ పక్క మంచం కావాలని అడిగాడని రాస్తూ, ఆ మాట కూడా పూర్తి చెయ్యకుండా లేచిపోయాను. ఎవరో పిలిచుంటారు. వెళ్లి మళ్లీ రాలేదు."

ఆమె చూసింది. చివరి పంక్తి: 'కిటికీ పక్క మం'. అంతే. తర్వాత తెల్ల కాగితం.

అక్క వాక్యం మధ్యలో లేచే మనిషి కాదు. పొయ్యి మీద మాడుతున్నా, తలుపు ఎవరు కొడుతున్నా, "ఉండు, ఈ ముక్క అవనీ" అనే మనిషి. ఆమెకు వీపంతా చల్లబడింది, ఎవరో మంచుముక్కతో అక్షరం రాస్తున్నట్టు. ఆ అక్షరం ఏం చెబుతోందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది: ఇది అక్క ఆపింది కాదు, తను పెట్టిన హద్దు కోసింది.

మర్నాడు నేలమాళిగలో కూర్చుని కొత్త డేటాబేస్‌ని ఒక్క ప్రశ్న అడిగింది: సరిగ్గా హద్దు దగ్గర ఆగిన రాతలెన్ని? తెర నిండిపోయింది. కిందికి లాగినకొద్దీ ఇంకా ఉన్నాయి. అన్నీ కొలిచి కోసినట్టు ఒకే పొడవు. అన్నీ మన భాషలోనివి. దాదాపు అన్నీ అక్కవే.

తాను కొలిచింది అక్షరాల్లో. పనిముట్టు హద్దు కొలిచేది బైట్లలో, అంటే యంత్రం లోపల పట్టే చోటులో. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క చోటు చాలు. మన అక్షరానికి, దాని పక్కన కూర్చునే ప్రతి గుణింతం గుర్తుకీ మూడేసి కావాలి. తెలియని సంగతి కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆ పూట తట్టలేదు, అంతే. పొట్టిగా రాసి లేచిపోయినవాళ్ల రాతలు భద్రంగా చేరాయి. ఓపిగ్గా, రోగి మాటల్లోనే రాసిన రాతలు తెగాయి. ఆఖరి వాక్యాలన్నీ ఆ పెరట్లో ఇనుపరజనై రాలాయి.

మబ్బులాయనకి ఫోన్ చేసింది.

"ఎవరైనా అడిగారా?" అన్నాడు అంతా విని.

"లేదు."

"పని పూర్తయిందని సంతకాలు అయిపోయాయి. మీరే వెళ్లి తవ్వుకుంటే... మీ ఇష్టం. నేనైతే కాస్త ఆగుతాను. పోయినాయన ఎలాగూ తిరిగి రాడు కదండీ."

ఆమె ఆగింది. చెబితే ఉద్యోగం పోతుందని మాత్రమే కాదు. తాత చావు తనవల్లేనని నోటితో అనలేకపోయేది. నేరం రుజువు కాదులే, అక్కని హెచ్చరించి వదిలేస్తారులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. పొద్దున్నే అదే ఇనుప తలుపు తీసి లోపలికి పోయేది. ఖాళీ చేసిన బీరువాల్లో ఇప్పుడు హోరు లేదు. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరే తనకి వినపడేది.

ఇంట్లో మాత్రం వేరే ఏదో మొదలైంది. అక్క పొయ్యి కట్టేసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెళ్లి చూసేది. తాళం వేసి, గేటు దాకా వచ్చి, వెనక్కెళ్లి తాళం లాగి చూసేది. కూరలో ఉప్పు వేశానా అని బావని అడిగేది.

"వేశావు, నా కళ్లముందే వేశావు. కావాలంటే సాక్షి సంతకం పెడతా" అన్నాడు బావ, ఎప్పటి ధోరణిలోనే.

అక్క నవ్వలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"చేతులతో చేసిన పని చేశానో లేదో తెలియట్లేదు నాకు. ఇన్నేళ్లు వార్డులో ఇంకేమేం మర్చిపోయానో. ఎంతమందికి ఏమేం జరిగిందో. నాకు చెప్పకుండా ఇళ్లకి వెళ్లిపోయుంటారు పాపం."

బావ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. చెల్లెలు కంచం ముందునుంచి లేచింది. తను చేసిన తప్పు అక్క బుర్రలోకి నీళ్లలా ఎక్కుతోంది. మడమలు దాటి, మోకాళ్లు దాటి. ఉద్యోగం పోయినా అక్క బతుకుతుంది. తన మనసు మీద తనకే నమ్మకం పోతే బతకదు.

"అక్కా, నువ్వు రాశావు."

"ఊరుకోవే. ఓదార్చకు."

"ఓదార్పు కాదు. నువ్వు రాశావు. నేను కోసేశాను."

నిలబడే చెప్పింది. హద్దు సంగతి, అక్షరాల సంగతి, మూడేసి చోట్ల సంగతి, డిస్కుల సంగతి. అక్క గరిటె కింద పెట్టలేదు. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నువ్వు కాగితం చూపించిన రోజునుంచి."

అక్క పొయ్యి వైపు తిరిగింది. కట్టేసి ఉందో లేదో ఈసారి చూడలేదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు చిన్నదే. బావ బల్ల మీది నీళ్లగ్లాసు మరదలి వైపు జరిపాడు.

"నువ్వు భోంచెయ్యి" అన్నాడు. ఇద్దరూ తినలేదు.

విచారణ గదిలో సూపరింటెండెంటు, మేనేజరు, బయటినుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు కూర్చున్నారు. ఆమె చెబుతుంటే మేనేజరు మొహం పాలిపోయింది. పెద్ద డాక్టరు మధ్యలో ఆపాడు.

"మీరు ఆవిడకి సొంత చెల్లెలు కదమ్మా?"

"అవునండీ."

"అంటే అక్కకోసం..."

"అందుకే నా మాట నమ్మొద్దు సార్. తెర మీద చూడండి."

ఒకే పొడవున ఆగిన రాతలు ఒక్కొక్కటే తెరిచి చూపించింది. 'రాత్రిళ్లు భయమని దీపం ఉంచమంటు'. 'కూతురికి చెప్పొద్దని అన్నాడు గాని ఆవి'. 'బిడ్డ ఎడమ చెయ్యి కదిపితే ఏడ్చి'. ఎక్కడా వాక్యం పూర్తికాలేదు. మూడో దాని తర్వాత సూపరింటెండెంటు, "చాలు" అన్నాడు.

చాలు అన్నంత మాత్రాన అన్నీ సర్దుకోలేదు. కాగితం మీద ఇలా తేల్చారు: హెడ్ నర్సు హెచ్చరిక రాసి ఉండవచ్చు, ఏమి రాశారో నిర్ధారించే ఆధారం లేదు. కొత్త నర్సు మీద చర్య లేదన్నారు. ఆ అమ్మాయి అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. కింది చెల్లిని తెగిన రాతలన్నిటికీ గుర్తులు పెట్టేదాకా ఉంచి, ఆ తర్వాత తీసేయాలన్నారు. మబ్బులాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

అక్క మళ్లీ పనిలో చేరింది. ఇంట్లో చెల్లెలితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, పలకరించేది కాదు. ఒకరోజు డ్యూటీ దిగాక, ఎప్పుడూ రానిది, నేలమాళిగకి వచ్చింది. ఇనుప తలుపు నెట్టి, చలికి కొంగు భుజాల మీదికి లాక్కుని, కుర్చీ ఒకటి జరుపుకుని తెర ముందు కూర్చుంది.

"బతికున్నవాళ్లవి ముందు తియ్యి. నాకు గుర్తున్నంత వరకు చెప్తా. టైపు చెయ్యి."

అలా మొదలైంది. చెల్లెలు పేరు చదివేది, తెగిన చోటు దాకా చదివేది. అక్క కళ్లు మూసుకుని ఆ మనిషిని వెతుక్కునేది. ఒక్కోసారి వెంటనే దొరికేవారు: "ఆ, చెవి వినపడని అమ్మ. ఎడమ పక్క అని రాయి." ఒక్కోసారి కళ్లు తెరిచి, "గుర్తులేదే" అనేది. అప్పుడు చెల్లెలు ఆ రాత పక్కన ఎర్రగుర్తు పెట్టేది: ఇక్కడ ఏదో ఉండేది, రోగినే అడిగి తెలుసుకోండి. ఎర్రగుర్తులే ఎక్కువయ్యాయి.

ఒక సాయంత్రం వరసలో గడియారాల తాత రాత వచ్చింది. బతికున్నవాళ్లలో ఆయనింకా ఎలా మిగిలాడో. వార్డులో ఎవరో ఆయన రికార్డు మూయడం మరిచారు. తెర మీద చివరి పంక్తి మిణుకుమంటోంది: 'కిటికీ పక్క మం'.

"నువ్వు రాసింది నాకు తెలుసు అక్కా. తిరిగి పెట్టేస్తాను" అంది చెల్లెలు. "ఆయన రాత అయినా పూర్తిగా ఉంటుంది."

అక్క చెయ్యి చాచి చెల్లెలి వీపు మీద వేసింది. ఏమీ రాయలేదు. బరువుగా అలా ఉంచింది, అంతే.

"వద్దు. ఇప్పుడు పెడితే ఎప్పుడూ ఉన్నట్టే కనపడుతుంది. అలాగే ఉండనీ."

చెల్లెలు తల వంచుకుంది. రికార్డు మూసే మీట నొక్కింది. తాత పేరు తెర మీదినుంచి వెళ్లిపోయింది, కింది పేరు ఒక మెట్టు పైకి జరిగింది.

"చదువు" అంది అక్క.